పదమూడు బస్తాల తక్‌పట్టీ

పొద్దున ఎనిమిదిన్నరకు ఎనుమాముల యార్డుల
పల్లికాయకు జెండా పాట ఆరువేల తొమ్మిది వందలు.
ఎవరూ చప్పట్లు కొట్టలే గాని
వరుసల కూసున్నోళ్లు కండువాలు సర్దుకున్నరు.
నేను అడ్తి దుకాణంల కార్బన్ కాయితం మార్చిన.
పాతది అరిగి, అంకెలు దయ్యాల్లెక్క పడుతున్నయి.

పదిన్నరకు కాకినాడ నుంచి ఫోను.
సేటు బయటికి పోయి మాట్లాడిండు,
లోపలికొచ్చి ఫ్యాను కింద నిలబడి
"ఓడ ఆగింది" అన్నడు.
ఏ ఓడ, ఎక్కడ, ఎందుకని నేనడగలే.
ఇరవై ఆరేండ్ల సంది ఇక్కడ రాస్తున్న,
నేను చూసిన నీళ్లల్ల పెద్దవి పాకాలవే.

తర్వాత తెలిసింది:
అవతలి రేవుల ఎవరో గింజల్ని నూరి చూసిండ్రంట,
వంద కోట్ల పాళ్లల్ల పదిహేను మించొద్దన్న బూజు విషం
పందొమ్మిది తేలిందంట.
ఆ నాలుగు పాళ్లు
యార్డు గేటు దాటి మా దాకా వచ్చేసరికి
క్వింటాకు తొమ్మిది వందలైనయి.

పదకొండుకు పర్వతగిరి దిక్కు నుంచి
డీసీఎంల దిగింది ఎల్లబోయిన కొంరమ్మ,
పద్నాలుగు బస్తాలతోని.
పదమూడు రాశి పోయించింది.
ఖరీదుదారు మనిషి రాశిల మోచేతి దాకా చెయ్యి దోపి
అడుగు నుంచి గుప్పెడు తీసిండు.
ఒలిచిండు. పొట్టు ఊదిండు.
మిషన్ల పోస్తే తేమ తొమ్మిదిన్నర.
చిన్న తాసుల తూచి, ఏలుతోని జరుపుకుంట లెక్కపెట్టిండు:
ఔన్సుకు యాభై ఐదు గింజలు.

ఔన్సంటే ఎంతో నాకు తెలువది,
నలభై ఏండ్లు కాంటా పట్టిన దడువాయి సారంగపాణికీ తెలువది.
అది వాళ్ల తూకం.
ఆ తూకంల పుట్టాలని
పర్వతగిరి చెల్క భూములకు ఎవరన్న చెప్పిండ్రో లేదో.

"ఆరువేలు" అన్నడు.

కొంరమ్మ అరవలే.
నా బల్ల కాడికొచ్చి కొంగుతోని మెడ తుడుసుకొని
"ఆ అవతలోళ్లు గీ పల్లీలు ఏం జేసుకుంటరు బిడ్డా?" అన్నది.
"నూనె తీస్తరంట. ఉప్పు రాసి డబ్బాలల్ల పోస్తరంట."
"మరి ఇయ్యాల వాళ్లకు ఆకలైతలేదా?"

నాకు నవ్వొచ్చింది. అటెనుక రాలే.
తక్‌పట్టీల ఆ మాటకు గడి లేదు.
హమాలీకి ఉన్నది, దడువాయికి ఉన్నది,
చాట కూలికి, కడ్తకు, అడ్తి కమీషనుకు ఉన్నది,
అన్నీ పోంగ మిగిలినదానికి ఉన్నది,
కింద వేలిముద్రకు ఇంత జాగ ఉన్నది.

పద్నాలుగో బస్తా ఆమె విప్పనియ్యలే.
"ఇది విత్తనం. దీనికి ఏ ఓడతోని పనిలేదు" అని
మూతి కుట్టు మీద కాలు పెట్టి నిలబడ్డది,
డీసీఎం మళ్లొచ్చేదాకా.

చాట కూలీ సాంబలక్ష్మి
రాశి లేసిన జాగల మన్ను చెరిగి
రాలిన గింజలు ఒడిల కట్టుకున్నది.
అవి ఔన్సుకు ఎన్నో ఎవరూ చూడలే.

తెల్లారి మళ్ల ఫోను.
వేరే రేవు, వేరే ఓడ.
జెండా పాట ఆరువేల ఏడు వందల యాభై.
సేటు అందరికీ చాయ్ చెప్పిండు.

పచ్చ కాయితం కొంరమ్మ కొంగుముడిల పోయింది,
గులాబీది మార్కెట్ ఆఫీసుకు.
నా దగ్గర మిగిలింది నీలి నకలు,
పదమూడు బస్తాలు, ఆరువేలు, వేలిముద్ర లేని గడి.
కార్బన్ కింద వేలిముద్ర పడదు.

బుక్కు మూస్తుంటే మడతల నుంచి ఒక కాయ జారింది,
మూడు గింజలది.
ఒలిచి తిన్న.
ఇంక పచ్చిదనం ఉన్నది, మిషన్ అబద్ధం చెప్పలే.
చాయ్ తాగినా పోలే,
నాలిక మీద చెల్క మన్ను.